ఏదెను తోటకి కొలతలు

కుట్టు దుకాణం,
ఫిబ్రవరి 9

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అత్తయ్యకి మోకాలు సరిగ్గా పనిచెయ్యడం లేదు, నోరు మాత్రం రెండింతలు పనిచేస్తోంది. నువ్వు ఆ నదుల ఆఫీసుకి బదిలీ అయి వెళ్లి రెండేళ్లు దాటిందని ప్రతి ఆదివారం నాకు గుర్తు చేస్తుంది, ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టినట్టు.

ఈ ఉత్తరంతో ఒక కట్ట వస్తుంది. జాకెట్టు గుడ్డ అనుకుని మురిసిపోకు. అది నా పుస్తకంలో మూడో అధ్యాయం. ‘నాలుగు నదులు’ అని పేరు పెట్టాను. నలభై రెండు పేజీలు, అసలు నా దగ్గరుంచుకుని నకలు పంపుతున్నాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటిదాకా దుకాణంలోకి ఈగలు తప్ప ఎవరూ రారని నీకు తెలుసు. మా అబ్బాయి నిన్నూ మమ్మల్నీ వదిలి చనిపోయిన ఏడాది మొదలుపెట్టి, ఈ ఆరేళ్లూ ఆ రెండు గంటల్లోనే రాశాను.

నా వాదన నీకు కొత్త కాదు, అన్నం ముందు కూర్చోబెట్టి ఎన్నిసార్లు వినిపించానో. అయినా పుస్తకం అన్నాక మొదటినుంచి చెప్పాలి. ఆదాము హవ్వలు ఉన్న తోట ఈ భూమ్మీదే ఒక చోట ఉండేది. వేలు పెట్టి చూపించగలిగే చోట. ఏదెనులోంచి ఒక నది పుట్టి, తోటను తడిపి, అక్కణ్ణుంచి నాలుగు పాయలైందని లేఖనం చెబుతోంది. అందులో టైగ్రిస్, యూఫ్రటీస్ ఇప్పటికీ పారుతున్నాయి. పీషోను, గీహోను ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. రెండు చేతులూ దొరికిన చొక్కాకి మెడ ఎక్కడుంటుందో చెప్పలేనివాడు దర్జీ ఎలా అవుతాడు?

పండితులు మాత్రం తలో దిక్కుకీ లాగారు. ఆ రెండు నదులూ సముద్రంలో కలిసే చోట, ఇప్పుడు నీళ్లకింద మునిగిపోయిందన్నారు కొందరు. అవి పుట్టే ఉత్తరపు కొండల్లో అన్నారు ఇంకొందరు. పాతకాలపువాళ్లు పటంలో తూర్పుని పైన పెట్టి, ఆ పై అంచున గోడ కట్టిన తోట బొమ్మ వేసి, అక్కడితో పని అయిపోయిందనుకున్నారు. జలప్రళయం తోటని తుడిచిపెట్టేసింది, వెతకడం దండగ అన్నవాళ్లూ ఉన్నారు. అసలది నేలే కాదు, ఆత్మ స్థితి అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లని నేను ఒక్కటే అడిగాను: ఆత్మకి నాలుగు నదులెందుకయ్యా?

ఉత్తరపు పీఠభూమి మీంచి దిగే ఒక ఎండిపోయిన కాలువ ఉంది. అదే గీహోను. ఇది నేను కనిపెట్టింది, ఇంకెవరూ చెప్పలేదు. పటం గీసి పెట్టాను, చూడు.

జూన్‌లో మన చర్చి కట్టి యాభై ఏళ్లవుతుంది. ఆ రోజుకి పుస్తకం చేతికి రావాలని పాస్టరు గారు పీఠం మీంచే ప్రకటించారు. మే నెలాఖరుకి ప్రెస్సుకి ఇవ్వాలి. నువ్వు నదులు కొలిచే ఇంజనీరువి కాబట్టి ఈ అధ్యాయం చదివి, ఒక పేజీ ముందుమాట రాసివ్వు. చిలవలు పలవలు వద్దు. పరిశీలించాను, సరిగ్గా ఉంది అంటే చాలు.

మామయ్య


నదీమట్టాల కార్యాలయం,
మార్చి 2

మామయ్యగారికి నమస్కారం.

కట్ట అందింది. ఆఫీసులో విప్పాను. మీ చేతిరాత చూసి మా గుమస్తా ఇది అచ్చు వేసిందా అని అడిగాడు. ప్రతి అక్షరం కాజా కుట్టినట్టు ఉందన్నాను.

అత్తయ్యగారి మోకాలికి వేడినీళ్ల సంచీ పెట్టమనండి. నోటికి మందు నాకు తెలీదు.

ఇక్కడ పని ఎప్పటిలాగే. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నీటిమట్టం చూసి రాయాలి. వారానికి రెండుసార్లు పడవ మీద వెళ్లి లోతులు కొలవాలి. మా పడవ నడిపే సరంగు మంచి మనిషి. నది అడుగున ఇసుక మేట ఎక్కడ జరిగిందో తాడు దించకముందే చెప్పేస్తాడు. మీ అధ్యాయం మొదటి పది పేజీలు పడవలోనే చదివాను, సరంగు కూడా విన్నాడు. మీరు ఆత్మకి నదులెందుకు అన్నచోట గట్టిగా నవ్వాడు. చివరికి సరంగు అడిగింది ఇదీ: ‘ఆయన రోజూ చొక్కాలు కుట్టే మనిషేనా?’

ఒక చిన్న సందేహం. నదులు మామూలుగా కలుస్తాయి గానీ విడిపోవు. డెల్టాలో తప్ప ఒక్క నది నాలుగై నాలుగు దిక్కులకి పోవడం మా లెక్కల్లో కనపడదు. దీనికి ఇక్కడి గ్రంథాలయంలో ఒక పాత వ్యాఖ్యానం దొరికింది. మనం పాయలు అని చదివేచోట మూలభాషలో ఉన్న మాటకి ‘తలలు’ అని అర్థమట. నదికి తల అంటే పుట్టినచోటు అనుకోవచ్చు కదా. తోటలో నిలబడి ఎగువకి చూస్తే నాలుగు నదులు వచ్చి కలుస్తున్నట్టు చదవాలంటాడు ఆ వ్యాఖ్యాత. అందరూ ఒప్పుకోలేదట. మీకు పనికొస్తుందేమో చూడండి. సరంగుకి ఈ మాట బాగా నచ్చింది.

టైగ్రిస్, యూఫ్రటీస్ గురించి మీరు రాసినదాంట్లో తప్పేమీ లేదు. మిగతాది నెమ్మదిగా చూస్తున్నాను.

మీ కోడలు


కుట్టు దుకాణం,
మార్చి 20

అమ్మాయికి,

తలలు. ఆహా అనిపించావు. ఈ ఒక్క మాటతో నా నదులన్నీ సర్దుకుని కూర్చున్నాయి. అతుకు కనపడకుండా కుట్టు పడింది. రెండు పేజీలు మళ్లీ రాశాను, నీ పేరు కింద గీత గీసి పెట్టాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను నిలబెట్టి అధ్యాయం చదివించారు. ముప్పావుగంట చదివాను. ఒక్క దగ్గు వినపడలేదు. మన వీధి మంత్రసాని పెద్దావిడ, నీకు తెలుసుగా, చివర్న లేచి, ‘అయితే బాబూ, అక్కడికి బస్సు వెళ్తుందా?’ అని అడిగింది. జనం నవ్వారు గానీ నేను నవ్వలేదు. అదే అసలు ప్రశ్న. బస్సు వెళ్లగలిగే చోటే అది అని చెప్పడానికే కదా నేను ఇంత రాసింది. పటం గుమ్మం పక్కన అంటించారు. పిల్లలు వేలు పెట్టి పెట్టి గీహోను దగ్గర అప్పుడే మరక పడింది.

నువ్వు గీహోను గురించి ఒక్క ముక్కా రాయలేదు. మంచి గుడ్డని చివర చూద్దామని దాచావా? ముందుమాట మర్చిపోకు. ప్రెస్సువాడు రోజు విడిచి రోజు కబురు పెడుతున్నాడు.

నీ గదిలో కిటికీ తలుపు ఉబ్బి మూతపడటం లేదు. వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించాను. ఆ గది ఇంకెవరికీ ఇవ్వలేదు.

మామయ్య


నదీమట్టాల కార్యాలయం,
ఏప్రిల్ 11

మామయ్యగారికి నమస్కారం.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడి సంగతి నాకంటే మీకు బాగా తెలుసు. నీటి సంగతి నాకు తెలుసు. మామయ్యా, మీ గీహోను ఎత్తెక్కుతోంది.

మీరు రెండు పటాలు వాడారు. కాలువ పుట్టే చోటు ఎత్తు మొదటి పటంలో తొమ్మిది వందలు అని ఉంది. కాలువ తోటని చేరే చోటు ఎత్తు రెండో పటంలో మూడు వందల నలభై. తొమ్మిది వందల నుంచి మూడు వందల నలభైకి నీళ్లు చక్కగా దిగుతాయని మీరు రాశారు. కానీ మొదటి పటంలో అంకెలు అడుగుల్లో ఉన్నాయి, రెండోదాంట్లో మీటర్లలో. మూడు వందల నలభై మీటర్లంటే పదకొండు వందల పదిహేను అడుగులు. అంటే కాలువ చివర, మొదలుకన్నా రెండు వందల పదిహేను అడుగులు ఎత్తులో ఉంది. ఆఫీసులో ఉన్న కొత్త పటాలు తెప్పించి మూడుసార్లు చూశాను. ఆ కాలువలో ఎప్పుడో నీళ్లు పారిన మాట నిజం. పారింది మాత్రం అవతలి వైపుకి. తోట వైపుకి కాదు.

గీహోను పోతే, దాని ఆధారంగా మీరు చూపించిన పీషోను కూడా నిలవదు. మిగతా రెండు నదులతో తోట ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించలేం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది నాకు మార్చి రెండునే తెలుసు. తలల గురించి రాసిన ఉత్తరం టేబుల్ మీద ఉండగానే లెక్క పక్కనే ఉంది. మీరు సంతోషపడతారని తలలు పంపాను, లెక్క సొరుగులో పెట్టాను. మీరు సంఘం ముందు నిలబడి చదవడానికి కారణం నేనే. అందుకు క్షమించండి. లెక్కకి మాత్రం క్షమాపణ చెప్పలేను, అది సరైనదే.

సరంగుకి కూడా చూపించాను, నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమోనని. ఆయన పటం తిప్పి తిప్పి చూసి, ‘పెద్దాయన మనసు పెట్టి తవ్వాడండీ. నేలే ఒప్పుకోలేదు’ అన్నాడు.

ముందుమాట రాయలేను మామయ్యా. కుట్టు తప్పిందని తెలిసీ ఇస్త్రీ చేసి ఇచ్చే మనిషి కాదు మీరు. మీ దగ్గరే కదా నేను నేర్చుకున్నది.

మీ కోడలు


కుట్టు దుకాణం,
ఏప్రిల్ 22

ఉత్తరం అందింది. బడి యూనిఫారాల పని ఎక్కువగా ఉంది. ముందుమాట గురించి ఇక శ్రమపడకు.

- మామయ్య


నదీమట్టాల కార్యాలయం,
మే 30

మామయ్యగారికి నమస్కారం.

ఐదు వారాలు చూశాను. మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. యూనిఫారాల పని ఎంత ఉన్నా మీరు రెండింటి నుంచి నాలుగింటిదాకా ఖాళీయేనని నాకు తెలుసు, ఆ సంగతి నాకు తెలుసని మీకూ తెలుసు.

పుస్తకం ప్రెస్సుకి వెళ్లిందో లేదో నాకు తెలీదు. వెళ్లినా మీ మీద నాకు గౌరవం తగ్గదు. నా మాట మాత్రం మారదు.

మీరు ఎలాగూ కోపంగా ఉన్నారు కాబట్టి రెండో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఒక గాయం మానాక ఇంకోటి పెట్టడం కన్నా ఇదే మంచిదనిపించింది.

మా సరంగు నన్ను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. ఫిబ్రవరిలో. మీ కట్ట రావడానికి వారం ముందు. పడవలో లోతు కొలుస్తూ నేను అంకె చెబుతున్నాను, ఆయన రాసుకుంటున్నాడు. పదకొండు అన్నాను. రాశాడు. పన్నెండున్నర అన్నాను. రాయకుండా కలం పట్టుకుని, ‘నాకు నలభై రెండు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమెని చూసుకున్నాను, నిరుడు పోయింది. మీకు అభ్యంతరం లేకపోతే మనం కలిసి ఉందాం’ అన్నాడు. ఆలోచించుకుంటానన్నాను. తర్వాత ఆయన పన్నెండున్నర రాసుకున్నాడు. అప్పటినుంచి ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు. రోజూ పడవ మాత్రం తుడిచి పెడతాడు.

నాకు ఆయన ఇష్టమే. అది దాచను. మీ అబ్బాయి అంటే ఉన్న ఇష్టం తగ్గి ఇది రాలేదు. ఇది వేరే చోట మొలిచింది. ఎలా చెప్పాలో తెలీదు.

సరే అనలేకపోతున్నది ఎందుకో మీకు చెప్పాలి. నేను హాస్టల్లో పెరిగినదాన్ని. సెలవులకి అందరూ ఇళ్లకి పోతుంటే వార్డెన్ గదిలో కూర్చుని పటాలకి రంగులు వేసినదాన్ని. ‘మా ఇల్లు’ అని నేను మొదటిసారి అన్నది మీ దుకాణం వెనక ఉన్న మూడు గదుల్ని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మీ అబ్బాయి పోయాక నాలుగేళ్లు ఓర్చుకుని, ఇక ఆ గదుల్లో ఉండలేక బదిలీ చేయించుకున్నాను. బదిలీ పై అధికారులు వేశారని మీకు చెప్పింది అబద్ధం. అత్తయ్యగారికి ముందే తెలుసనుకుంటాను.

ఇంకొకరిని పెళ్లి చేసుకుంటే నేను మీకేమవుతాను? ఇది నాకు తెలియాలి. ఏమీ కానంటే, అలాగే రాయండి. నేను లెక్క ఉన్నదున్నట్టు చెప్పాను, మీరూ ఉన్నదున్నట్టే చెప్పండి.

మీ కోడలు


కుట్టు దుకాణం,
జూన్ 14

అమ్మాయికి,

ముందు పుస్తకం సంగతి. నీ రెండో మాటకి తర్వాత వస్తాను, తొందరపడి ఆఖరి పేజీకి పోకు.

నీ ఏప్రిల్ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. నా టేబుల్ మీద రెండు టేపులుంటాయి, ఒకటి అంగుళాలది, ఒకటి సెంటీమీటర్లది. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒకదాని బదులు ఇంకోటి తీసుకున్నది లేదు. అలాంటిది ఆరేళ్లు కూర్చుని రాసిన పుస్తకంలో అడుగుల్నీ మీటర్లనీ ఒకే గాటన కట్టేశాను. కొత్తగా పనికి చేరినవాడు చేస్తే మెడపట్టి బయటికి గెంటే తప్పు. నిన్ను తప్పుపట్టడానికి మూడు వారాలు వెతికాను. దొరకలేదు. అప్పుడిక మీ అత్తయ్యని తప్పుపట్టాను.

ఆవిడ కూరగాయలు తరుగుతూ ఒకటే మాట అంది. ‘పరాయివాళ్లని అడిగుంటే బ్రహ్మాండం అని రాసిచ్చేవాళ్లు. అది మనింటి పిల్ల గనక రాయలేదు.’ నేను లేచి దుకాణంలోకి పోయాను. పోయి ఏం చేశానంటావు, ఆ అధ్యాయాన్ని కలిపి కుట్టిన దారం తెంపేశాను. నలభై రెండు పేజీలూ. కుట్టినవాడికి విప్పడం కూడా రావాలి. ఎన్ని కోట్లు విప్పి కుట్టలేదు నేను.

విప్పుతుంటే నాకు నేను ఎప్పుడూ చెప్పుకోని సంగతి ఒకటి బయటపడింది. నీకు చెబుతాను.

సిలువ మీద పక్కన వేలాడుతున్న దొంగతో ప్రభువు అన్న మాట నీకు గుర్తుందా, ఇవాళే నువ్వు నాతో పాటు పరదైసులో ఉంటావని. ఆ పరదైసు అన్న మాట ఎక్కడిదో వెతికాను. గోడ కట్టిన తోట అని దాని పాత అర్థం. లేఖనాన్ని మొదట గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఏదెను తోటకి వాడింది కూడా ఆ మాటే. అబ్బాయిని పాతిపెట్టిన వారం రోజులకి ఇది చదివాను. అప్పుడే నా బుర్రలో ఒక ముడి పడింది. రెండూ ఒకే మాట అయితే, మొదటి తోట పటంలో ఎక్కడుందో నేను చూపించగలిగితే, రెండోది కూడా ఎక్కడో ఉన్నట్టే. అబ్బాయి ఎక్కడో ఉన్నట్టే. మాటవరసకి కాదు, ఒక చోట. ఆరేళ్లు నేను రాసింది నదుల గురించి కాదమ్మాయీ.

తొమ్మిది రోజుల జ్వరంతో పోయాడు వాడు. చివరి రోజు నన్ను ‘నాన్నా, ఎక్కడికి?’ అని అడిగాడు. నువ్వు మందుల కోసం వెళ్లావు అప్పుడు. నేను జవాబు చెప్పలేదు. నాకు తెలియక చెప్పలేదు.

ఇక జూన్ ఎనిమిది, చర్చి పండగ రోజు. పుస్తకం రాలేదు, నేను వెళ్లాను. గుమ్మం పక్కన పటం నా చేత్తోనే తీశాను. సంఘం ముందు నిలబడి, నా గీహోను రెండు వందల పదిహేను అడుగులు ఎత్తెక్కిందని, మా కోడలు పట్టుకుందని చెప్పాను. పాస్టరు గారి ముఖం చూడాలి నువ్వు. మంత్రసాని, ‘అయితే బస్సు లేదన్నమాట’ అంది. లేదమ్మా అన్నాను. ఆవిడ కూర్చోలేదు. ‘మరి ఆ దొంగ ఎలా వెళ్లాడు?’ అంది. నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట ఆవిడ నోట ఎలా వచ్చిందో నాకు తెలీదు.

నిలబడి ఆలోచించాను. అందరూ చూస్తున్నారు. అప్పుడు తట్టింది. ఆ దొంగ ఎక్కడికి అని అడగలేదు. దారి అడగలేదు. ‘నాతో పాటు’ అన్న మాట విన్నాడు, అది చాలనుకున్నాడు. ఎక్కడికి అన్నది కాదు, ఎవరితో అన్నదే ఆయనిచ్చిన జవాబు. ఇదే చెప్పి కూర్చున్నాను. అబ్బాయి అడిగినదానికి ఆరేళ్లు ఆలస్యంగా జవాబిచ్చాను. ఇచ్చాను, అది చాలు. నా నమ్మకం ఒక్క అంగుళం తగ్గలేదు, రాసి పెట్టుకో.

పుస్తకం వచ్చే ఏడాది వస్తుంది. ఏదెను ఎక్కడుందో చెప్పను. దాన్ని వెతికినవాళ్ల గురించి రాస్తాను, అందరికన్నా చివర నన్నూ చేర్చి.

ఇప్పుడు నీ రెండో మాట.

ఆదాము హవ్వల్ని తోటలోంచి పంపించిన కథలో అందరూ కత్తి పట్టుకుని నిలబడ్డ దేవదూతనే చూస్తారు. పాస్టర్లందరూ అతని మీదే ప్రసంగం చేస్తారు. నేను దర్జీని కాబట్టి అంతకు కాస్త ముందున్న వాక్యం చూస్తాను. బయటికి పంపేముందు దేవుడు వాళ్లిద్దరికీ చర్మంతో బట్టలు చేసి తొడిగాడు. ఎవరి చేతా చేయించలేదు, తనే చేశాడు. కోపంగా ఉన్నవాడికి కుట్టుపని సాగదు, దారం తెగుతుంది, ముప్ఫై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. వెళ్లిపోతున్నవాళ్లు బయట బతకాలని కోరుకున్నవాడే కుడతాడు. నువ్వు మా మూడు గదుల్లోకి తిరిగి రావాలని కాదు, బయట బతకాలని నేను కోరుకోవాలి. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

నువ్వు నాకేమవుతావని అడిగావు. ఇదేం ప్రశ్న. నా కోడలివి. అబ్బాయి పోయిన రోజు పోలేదు ఆ వరస, ఇప్పుడెందుకు పోతుంది. అతను నాకేమవుతాడన్నదే చిక్కు. అల్లుడందామంటే నువ్వు కోడలివి. వియ్యంకుడందామంటే అది మరీ విడ్డూరం. మన భాషలో అన్ని వరసలున్నాయి, దీనికి మాట పెట్టడం మర్చిపోయారు పెద్దలు. ఆలోచిస్తాను. ఈలోగా అతన్ని తీసుకుని రా, కోటుకి కొలతలు తీసుకోవాలి. భుజాలు కొలిచేటప్పుడు మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది నాకు. నచ్చకపోతే అక్కడే చెప్పేస్తాను, ముందే హెచ్చరిస్తున్నాను.

మామయ్య

అమ్మాయీ నేను అత్తయ్యని. ఈయన ఉత్తరం ఎప్పుడు పూర్తి చేస్తాడా అని పక్కనే కూర్చున్నా. నీ మార్చి ఉత్తరంలో ‘సరంగు’ అనే మాట నాలుగుసార్లు ఉంది, గీహోను ఒక్కసారి కూడా లేదు. నేను అప్పుడే అనుకున్నా. బదిలీ సంగతి కూడా తెలుసు. ఆ గదిలో నేనూ ఒక ఏడాది అడుగు పెట్టలేకపోయా, నిన్నేమంటాను. అతను ఏం తింటాడో రాయి. తొందరగా రండి.


నదీమట్టాల కార్యాలయం,
సెప్టెంబర్ 6

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారం.

మేమిద్దరం క్షేమంగా చేరాం. మేం లేని పది రోజుల్లో నది నాలుగడుగులు పెరిగి, నీటిమట్టం చూసే గేజి కర్ర మొదటి గుర్తులు మునిగిపోయాయి. రాగానే పనిలో పడ్డాం. పెళ్లి కోటు బీరువాలో వేలాడుతోంది. ఈయన రోజుకోసారి తలుపు తీసి చూసి మూస్తాడు. ఇంతకుముందు ఈయన కొలతలు ఎవరూ తీసుకోలేదట, ఎప్పుడూ బజారులో రెడీమేడ్‌వే కొనుక్కున్నాడట.

అత్తయ్యగారూ, మీరిచ్చిన దుప్పటి పడవలోకి తీసుకెళ్తానన్నాడు. వద్దన్నాను.

మీకు తెలియని సంగతి ఒకటి రాయాలి, అందుకే ఈ ఉత్తరం. పెళ్లికి రెండ్రోజుల ముందు, మధ్యాహ్నం. నేను వెనక గదిలో కిటికీ దగ్గర ఉన్నాను, అక్కణ్ణుంచి దుకాణం కనపడుతుంది. మీ రెండింటి నుంచి నాలుగింటి సమయం అది, కానీ మీరు రాయడం లేదు, కోటుకి లైనింగ్ వేస్తున్నారు. ఈయన మీ ఎదురుగా నేల మీద కూర్చుని బొత్తాల డబ్బా ముందేసుకుని తెల్లవి ఒక వైపు, నల్లవి ఒక వైపు వేరు చేస్తున్నాడు. అప్పుడు బడి పెద్ద పంతులమ్మ గారు వచ్చారు, జాకెట్టు పట్టుకుని. చేతులు వదులు చెయ్యమని చెప్పి, కొత్త మనిషిని చూసి ఆగిపోయారు.

‘ఎవరండీ ఆయన?’ అన్నారు.

నేను కిటికీ దగ్గర్నుంచే చెవి అటు పెట్టాను. రెండు నెలల నుంచీ మీరు ఆ వరస కోసం వెతుకుతున్నారని అత్తయ్యగారు చెప్పారు, పాస్టరు గార్ని కూడా అడిగారట. మీరు తల ఎత్తలేదు. ముడి వేసి, దారం పళ్లతో తెంపి, ‘మావాడే’ అన్నారు. అని, ‘చేతులు ఎంత వదులు కావాలి, అంగుళమా, అర అంగుళమా?’ అని అడిగారు.

పంతులమ్మ గారు అర అంగుళం అన్నారు. మీరు సుద్దతో గుర్తు పెట్టారు.

మీరు ఏమన్నారో మీకు గుర్తుండి ఉండదు. ఈయన మాత్రం ఆ మాట విన్నాక కూడా డబ్బాలోకి వంగి పని చేస్తూనే ఉన్నాడు. ఆవిడ వెళ్లిపోయాక నేను వచ్చి చూస్తే, వేరు చేసిన తెల్ల బొత్తాలన్నీ నల్లవాటిలో కలిపేసి ఉన్నాయి.

మీ కోడలు